కీచురాళ్ళూ ఫ్యాన్ బెల్టూ

ఏడయింది. బోగోలులో కార్ల షెడ్డు పెట్టిన సుకుమార్ ఎనిమిదికల్లా వస్తానన్నాడు, అంటే నా పరువుకి ఇంకా ఒక గంట ఆయుష్షుంది. ఇంటి ముందు మా అమ్మాయి గంగాభవాని తోలే కారు బానెట్ ఎత్తుకుని నా వంక చూస్తోంది, నేను ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దాని వంక చూస్తున్నాను, ఇద్దరిలో ఎవరం మొదట నిజం చెబుతామో తేలడం లేదు. అది కూస్తోందట. పొద్దున్నే మంచు తడి మీద స్టార్ట్ చేస్తే చాలు, వీధి చివరిదాకా కీ అని అరుస్తోందట. అట, అట, అట. నా బతుకంతా నేను చెప్పిందే జనం 'అట' అని మోసుకు తిరిగారు, ఇప్పుడు ఆ మాట నా నోట్లోకే వచ్చి కూర్చుంది. ఇంజను కడుపులో గుడగుడ నాకు వినిపిస్తుంది, ఫ్యాను హోరు వినిపిస్తుంది, సైలెన్సర్ దగ్గు వినిపిస్తుంది. ఆ కూత ఒక్కటే వినపడదు. అదే కాదు, సన్నటి చప్పుడేదీ వినపడక రెండేళ్ళవుతోంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, బయట అసలే చెప్పలేదు, ఎట్లా చెప్పను, అల్లూరు చుట్టుపక్కల నా పేరే చెవి మస్తానయ్య. ఇంటిపేరు అడిగితే జనానికి తెలియదు, చెవి అంటే పదేళ్ళ పిల్లకాయ కూడా ఇల్లు చూపిస్తాడు. ఆ చెవి పోయిందని ఇంకో గంటలో బోగోలు నుంచి వచ్చినవాడు తేల్చేస్తాడు. పోనీ అదొక్కటేనా అంటే, నిన్న మధ్యాహ్నం నేను చేసిన ఘనకార్యం ఇంకొకటుంది, దాని సంగతి తలుచుకుంటేనే అరచేతులు జిగురుగా అనిపిస్తున్నాయి.

జిగురుగా అనిపించడం ఏమిటి, ఉన్నాయి, సబ్బుతో మూడుసార్లు కడిగినా పోలేదు. గుగ్గిలం అంత తేలిగ్గా పోతుందా. ఆ వాసన కూడా నాకు బాగా అలవాటు, ముప్పై ఏళ్ళు ఆ వాసనలోనే అన్నం తిన్నాను. వరి చేలకి ఆయిల్ ఇంజన్లే దిక్కైన కాలంలో, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటే చాలు, లోపల ఎవరికి బాగాలేదో నాకు తెలిసిపోయేది. నాజిలు, రింగులు, బేరింగు, ఒక్కోదానిది ఒక్కో ఏడుపు. మూడు చేల అవతల ఇంజను తిరుగుతుంటే గట్టు మీద నిలబడి, అది పెంచలరెడ్డిది, ఇంకో అరగంటలో పట్టేస్తుంది, పోయి ఆపమనండి అనేవాణ్ణి. పట్టేసేది. పెళ్ళిలోనూ అంతే. పీటల మీద కూర్చుని ఉంటే పందిరి వెనక జనరేటర్ గొంతు మారింది, అయ్యగారు ఏం చదువుతున్నారో నా బుర్రకి ఎక్కలేదు, తాళి చేతిలో పట్టుకుని, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది చూడండి అన్నాను, ఆగిపోయింది, టార్చి లైటు వెతికేలోపే ముహూర్తం దాటిపోతుందని అందరూ అరిస్తే చీకట్లోనే ముడి వేశాను. 'చీకట్లో కట్టినాడు, ఎవురికి కట్టినాడో పొద్దున్నే చూసుకున్నాడు' అని గురవమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పుకోనీ. ఆ గొంతు మాత్రం నాకు బాగా వినపడుతుంది, దేవుడు ఏ చప్పుడు తీసుకోవాలో ఏది వదలాలో నన్ను అడిగి చేయలేదు.

ఎప్పుడు పోయిందో తెలియలేదు. చెయ్యి విరిగితే తెలుస్తుంది, పన్ను ఊడితే తెలుస్తుంది, చెవి పోతే లోకానిదే తప్పు అనిపిస్తుంది. ముందు టీవీలో వార్తలు చదివేవాళ్ళు మాటలు మింగడం మొదలుపెట్టారు. తరవాత ఊళ్ళో ఆడవాళ్ళు గుసగుసలు నేర్చారు. ఆ పైన మొగవాళ్ళు నాతో మాట్లాడితే అరవడం మొదలుపెట్టారు, ఏం పొగరు వీళ్ళకి, పెద్దా చిన్నా లేదు అనుకున్నాను. ఆఖరికి కీచురాళ్ళు. మా ఇంటి వెనక వరి పొలాలుండేవి, వాటిని తవ్వి క్రీస్తుదాసు రొయ్యల గుంటలు వేశాడు. ఒక వానాకాలం సాయంత్రం అరుగు మీద కూర్చుంటే బుర్రకి తట్టింది, కీచురాళ్ళు అరవడం లేదు. ఒక్కటి కూడా లేదు. నా చిన్నప్పటి నుంచి పొద్దు వాలితే చాలు చెవులు చిల్లులు పడేట్టు అరిచే జాతి, మొత్తం జాతి, తుడిచిపెట్టుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది, అబద్ధం ఎందుకు. గుంటల్లో పోసే మందులకి చచ్చిపోయాయని తేల్చేశాను. పోయి క్రీస్తుదాసుని గట్టు మీదే నిలదీశాను. 'ఉండాయి గదన్నా, ఇదో అరస్తానే ఉండాయి' అన్నాడు, నా మొహం మీదే. ఇంత అబద్ధమా అని ఒళ్ళు మండింది. నాకా చెబుతున్నావు, చెవి మస్తానయ్యకా. మండలాఫీసుకి పోయి అర్జీ పెట్టాను. కీచురాళ్ళు చనిపోతే రాయడానికి మా రిజిస్టరులో గడి లేదు పెద్దాయనా అన్నాడు అక్కడి గుమస్తా, అయితే కొత్త గడి గియ్యి అన్నాను. అప్పటి నుంచి క్రీస్తుదాసుకీ నాకూ మాటల్లేవు, ఎదురొస్తే నేను ఆకాశం చూస్తాను, అతను గుంటలోకి చూస్తాడు. భవాని రెండుమూడుసార్లు ఏదో చెప్పబోయి నా మొహం చూసి మానుకుంది. ఆ పిల్ల అల్లూరులో ల్యాబు పెట్టుకుంది, పొద్దున్నే గుంట గుంటకీ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి మందు చుక్కలు వేసి, రంగు మారితే చూసి రొయ్యకి ఏ రోగమో చెబుతుంది. రంగు చూడకుండా దేవుడు చెప్పినా నమ్మదు. నేను విని చెప్పేవాణ్ణి, ఇది చూసి చెబుతుంది, మొత్తానికి మా ఇంట్లో పుట్టినవాళ్ళకి రోగాలు కనిపెట్టే పని తప్పలేదు.

నాలుగు రోజుల కిందట వచ్చి, 'నాయనా, బండి కూస్తా ఉండాది, ఒకసారి వినరాదా' అంది. వినరాదా అంటే వినకుండా ఎట్లా ఉంటాను. పోయి బానెట్ మీద వంగాను. కళ్ళు మూసుకున్నాను, కళ్ళు మూసుకోవడం మాత్రం ఇప్పటికీ బాగా వచ్చు. ఏమీ లేదు. పాత కాలంలో ఒక్కో చక్రానికి ఒక్కో బెల్టు ఉండేది, ఈ కార్లలో ఒకే పొడుగాటి బెల్టు, గాట్లు గాట్లుగా ఉంటుంది, డైనమో చుట్టూ, ఏసీ చుట్టూ, నీళ్ళ పంపు చుట్టూ, స్టీరింగు పంపు చుట్టూ మెలికలు తిరుగుతూ పోతుంది. అది తిరగడం కనిపిస్తోంది, బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఎంతసేపు వంగి ఉండను. 'బెల్టు జారతా ఉండాది పాపా, నేను చూస్తాలే' అన్నాను. పొద్దుటి పూట కారు కూసిందంటే నూటికి తొంభై పాళ్ళు బెల్టే, ఆమాత్రం చెవి లేకపోయినా చెప్పొచ్చు. అక్కడితో ఊరుకుంటే మస్తానయ్యని ఎందుకవుతాను. నిన్న ఆదివారం, భవాని భోంచేసి పడుకుంది, గురవమ్మ పక్కింటికి పోయింది. ఆయిల్ ఇంజను వెడల్పు బెల్టు జారితే మేమేం చేసేవాళ్ళం? గుగ్గిలం నూరి ఆముదంలో కరగబెట్టి లోపలి వైపు పట్టించేవాళ్ళం, చచ్చినట్టు పట్టుకునేది. పెరట్లో కిరసనాయిలు స్టవ్వు ముట్టించి, పాత జర్మన్ సిల్వర్ గిన్నెలో వేసి, పాకంలా రాగానే గుడ్డతో ఆ బెల్టు గాట్లన్నిటికీ పూశాను. చేస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పదేళ్ళ తరవాత చేతికి పని దొరికింది.

ఈ పొద్దున ఆరున్నరకి భవాని సీసాల పెట్టె వెనక సీట్లో పెట్టి స్టార్ట్ చేసింది. నేను బానెట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. గుడగుడ వినిపించింది, హోరు వినిపించింది, ఇంకేమీ వినపడలేదు. ఎంత సంతోషం వేసిందో. 'చూసినావా పాపా, ఎట్టా నోరు మూసుకునిందో!' అన్నాను. అని తలెత్తి చూద్దును గదా, భవాని స్టీరింగు వదిలేసి రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. గురవమ్మ అట్లకాడ పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది. గుంట గట్టు మీద క్రీస్తుదాసు మేత బక్కెట్టు కింద పడేసి మా వైపు చూస్తున్నాడు. అరుగు కింద పడుకునే వీధి కుక్క తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మలుపు తిరిగిపోతోంది. నోరు మూసుకోవడం కాదు, ఆ జిగురుకి బెల్టు ప్రాణం పోతున్నట్టు అరుస్తోందని అప్పుడు అర్థమైంది. 'ఇంకొంచెం పదును రావాల' అన్నాను. ఇంకేమనను. భవాని ఇంజను ఆపి, ఫోను తీసి సుకుమార్‌కి చేసింది.

అదీ సంగతి, అందుకే ఈ కుర్చీ, ఈ గంట. గురవమ్మ టీ తెచ్చి కుర్చీ పక్కన ఠపీమని పెట్టింది, ఈ మధ్య ఏది పెట్టినా చప్పుడు చేసి పెడుతుంది, వయసు మీద పడి చేతులు మొద్దుబారాయేమో. సుకుమార్ బెల్టు మీద చెయ్యి పెడితే చాలు, గుగ్గిలం అంటుకుంటుంది, ఎవడు పూశాడు అంటాడు. ఎలుకలు పూశాయని చెప్పలేను. భవానిని అనలేను. పోనీ క్రీస్తుదాసు కక్షతో పూశాడంటే? ఛీ, ఏం బుద్ధి, రెండేళ్ళుగా మాట్లాడకపోయినా మనిషి మంచివాడే, మొన్న వానకి మా పెరటి గోడ పడితే అడక్కుండా ఇటుకలు పంపాడు. సుకుమార్ వచ్చేలోపు కిరసనాయిలు పెట్టి తుడిచేస్తే? భవాని వరండాలోనే ఉంది, చూస్తుంది. అది చూస్తుందంటే ఒట్టి చూపు కాదు, సీసాలో నీళ్ళని చూసినట్టు చూస్తుంది. పరువు సంగతి అట్లా ఉంచు మస్తానయ్యా, బెల్టు తెగితే ఏమవుతుందో ఆలోచించు. డైనమో ఆగుతుంది, పోనీ. నీళ్ళ పంపు ఆగుతుంది, ఇంజను కాలుతుంది, పోనీ. ఈ పాత మోడలు కారుకి స్టీరింగు పంపూ దానితోనే, అది ఆగితే స్టీరింగు ఒక్కసారిగా రాయయిపోతుంది. భవాని పోయే దారంతా గట్లు, ఒక పక్క గుంట, ఒక పక్క కాలువ, లాకుల దగ్గర ఆ మలుపులో ఎడ్లబండే చూసుకుని తిరగాలి. నలభై ఏళ్ళు మొగుడికీ ఇంజన్లకీ చాకిరీ చేసిన గురవమ్మకీ నాకూ ఉన్నది ఈ పిల్ల ఒక్కతే.

ఎనిమిదికి పది నిమిషాలుండగానే మోటార్ సైకిల్ మీద వచ్చేశాడు సుకుమార్. పొట్టిగా, నిబ్బరంగా, చేతిలో తాళ్ళూ తీగలూ వేలాడే ఒక పెట్టె. దిగగానే పెట్టె కింద పెట్టి నా కాళ్ళకి వంగబోయాడు. 'మస్తానయ్య మామా, నేను కోటయ్య కొడుకుని. మా నాయన ఇంజను మీరే గదా బాగుచేసినారు. చెవంటే మస్తానయ్యది అని మా షెడ్డులో ఇప్పటికీ అంటా ఉంటాను' అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. స్టార్ట్ చేయమన్నాడు. భవాని తాళం తిప్పింది, గురవమ్మ మొహం ముడుచుకుంది, మలుపు దాకా తిరిగొచ్చిన కుక్క మళ్ళీ పోయింది, ఓహో ఇంకా అరుస్తోంది అనుకున్నాను. అతను సీసాతో కొంచెం నీళ్ళు తీసుకుని తిరుగుతున్న బెల్టు మీద చిమ్మాడు. నీళ్ళు పడితే కూత ఆగిందనుకో, బెల్టు గాట్లలోనో చక్రాల వరసలోనో తేడా, పెరిగిందనుకో, బెల్టు వదులై జారుతున్నట్టు. ఈ పరీక్ష మేమూ చేసేవాళ్ళమే. చిమ్మి, చెయ్యెత్తి, మర్యాదగా నా వైపు తిరిగాడు. 'మీరుండంగా నేను చెప్పకూడదు మామా. పెరిగిందా, తగ్గిందా?'

అందరూ నా వంకే చూస్తున్నారు. క్రీస్తుదాసు కూడా గట్టు దిగి గేటు దాకా వచ్చాడు. కుక్క ఉంటే దాని చెవులు చూసి చెప్పేవాణ్ణి, ముదనష్టపుది లేదు. మొహాలు చూశాను, మొదటి నుంచీ ముడుచుకునే ఉన్నాయి, అందులో హెచ్చుతగ్గులు నాకేం తెలుస్తాయి. అప్పుడు సుకుమార్ వెనక నిలబడ్డ గురవమ్మ అట్లకాడని మెల్లిగా పైకెత్తింది. ఒకసారి కాదు, నా కళ్ళలోకి చూస్తూ రెండుసార్లు, పైకి, ఇంకా పైకి. నా నోట 'పెరిగింది' అని వచ్చేసింది. 'అదీ చెవంటే!' అని సుకుమార్ తొడ చరిచి, ఇంజను ఆపించాడు. నేను మాత్రం గురవమ్మనే చూస్తున్నాను. దీనికి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసు? ఒకప్పుడు, కుక్కరు మూడు కూతలేస్తే దించయ్యా అని నాకు చెప్పి నీళ్ళకి పోయేది, ఒకరోజు అన్నం మాడి గిన్నె నల్లబడింది, ఆ తరవాత మళ్ళీ ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. ఆ రోజు నన్ను తిట్టనూ లేదు. గురవమ్మ, తిట్టలేదు! అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. టీ గ్లాసు ఠపీమని పెట్టేది కూడా అందుకేనా.

పరువు దక్కింది, నోరు మూసుకుని టీ తాగితే సరిపోయేది. కాని సుకుమార్ అన్నాడు గదా, 'కొత్త బెల్టు కావలి నించి తెప్పించాల, సాయంత్రానికి వేస్తా. ఇప్పటికి దీన్నే ఒక పట్టు బిగిస్తా అక్కా, పోయి రా. మామని పక్కన కూర్చోబెట్టుకో. సౌండు కొంచెం మారినా ఆయన చెప్తాడు, ఎంటనే ఆపెయ్.' భవాని నా వంక చూసింది. ఏ రంగూ తెలియని చూపు. 'వస్తావా నాయనా? నువ్వు వింటా ఉంటే నాకు ధైర్యం' అంది. లాకుల దగ్గర మలుపు కళ్ళ ముందుకొచ్చింది. బెల్టు తెగబోతూ అరుస్తుంటే, పక్క సీట్లో చెవి మస్తానయ్య కాలువలో కొంగల్ని చూస్తూ కూర్చుని ఉంటాడు.

'నాకు వినపడదు' అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియదు. 'సన్నటి చప్పుడు ఏదీ వినపడదు. రెండేళ్ళయింది. పెరిగిందని మీయమ్మ అట్లకాడ చూసి చెప్పినా. ఆ బెల్టు మీద నమ్మకం పెట్టుకోబాక పాపా, నిన్న దానికి గుగ్గిలం పూసింది నేనే.' మొహం ఎత్తలేకపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, ఆ పనికి మాత్రం అవి ఇంకా పనికొస్తున్నాయి. భవాని వచ్చి నా కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. 'నువ్వే చెప్తావేమోనని చూస్తా ఉండా నాయనా, చెవి సంగతి తెలుసు' అంది. 'ఎవరికి?' అన్నాను. 'ఊరికి' అంది గురవమ్మ. సుకుమార్ ఒక్కడే బెల్టు మీద వేలు పెట్టి, అంటుకుపోయిన వేలు వంక చూసుకుంటూ నిలబడ్డాడు. 'గుగ్గిలమా మామా!' అన్నాడు. అంటే ఇంతసేపు నేను దాచాలని చచ్చిన రెండింటిలో మొదటిది ఎవరికీ రహస్యం కాదు, రెండోది ఎవరికీ తట్టనైనా తట్టలేదు. 'తెలిస్తే ఎందుకు చెప్పలేదే?' అని గురవమ్మ మీద లేచాను. 'గమ్మునుండవయ్యా. ఉండే పేరు అదొక్కటి, అది కూడా పీకెయ్యమంటావా?' అంది. కొంగుతో మొహం తుడుచుకుంది, అట్లకాడ పట్టుకుని ఉన్న చేత్తోనే.

ఇక భవానిని ఆ కారు ఎక్కనివ్వలేదు. సుకుమార్ బెల్టు విప్పి కింద పడేశాడు, నల్లటి జిగురుతో చూడ్డానికే అసహ్యంగా ఉంది. వాడు చేతులు తుడుచుకునేలోపు నేను లేచి, ఊరికే, అలవాటు చావక, ఒక్కో చక్రాన్నీ వేలితో తిప్పి చూశాను. డైనమోది మెత్తగా తిరిగింది. పంపుది సరే. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే చిన్న రోలరు దగ్గర వేలు ఆగింది. లోపల ఇసుక నలిగినట్టు గరగర, చెవికి కాదు, వేలికి. ఉప్పుగాలి బేరింగుని తినేసింది. కొత్త బెల్టు వేసినా పది రోజుల్లో దాన్నీ తినేసేది. 'అబ్బయా, దీన్ని చూడు' అన్నాను. సుకుమార్ తిప్పి చూసి, 'అబ్బా, నిజమే మామా' అన్నాడు. నిజంగా చూడలేదో, చూసి కూడా నాకోసం వదిలేశాడో చెప్పలేను, ఆ పిల్లాడి మర్యాద చూస్తే రెండోదే అనిపిస్తుంది.

గేటు దగ్గర క్రీస్తుదాసు కదలకుండా నిలబడే ఉన్నాడు. భవాని సీసాల పెట్టె అతని స్కూటరు మీద కట్టుకుంటోంది, నేను దింపుతాలే పాపా అని అతనే అన్నాడట. నేను అలవాటు కొద్దీ ఆకాశం చూడబోయి, ఆగి, కిందికి చూశాను. 'మస్తానన్నా' అన్నాడు, అందరిలాగే గట్టిగా, ఇప్పుడు అది పొగరని అనుకోలేదు. 'నీకు వినపడటం లేదంటివి. అయితే నా మీద పెట్టిన ఆ అర్జీ?'

ఏ అర్జీ అనబోయాను. ఒక్క క్షణం పట్టింది.

'చావలేదా?' అన్నాను.

'యాడ చచ్చినాయన్నా, తెల్లార్లూ ఒకటే గోల. నాకు నిద్ర లేదు.'

భవాని వంక చూశాను, అది అబద్ధం చెప్పదు. అవునని తలూపింది. గురవమ్మ ఊపింది. ఉన్నాయి. రెండేళ్ళుగా నేను ఏడుస్తున్న జాతి, ఒక్కటీ పోకుండా, మా పెరటి గోడ పక్కనే, ప్రతి సాయంత్రం, నేను అరుగు మీద కూర్చుని వాటికోసం దుఃఖపడుతుంటే నా చెవి పక్కనే అరుస్తూనే ఉన్నాయి. పోయింది నా చెవి ఒక్కటే. ఇంతేనా! నాకు నవ్వాగలేదు, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా ఆగలేదు. రేపే మండలాఫీసుకి పోతాను, ఆ గుమస్తా కొత్త గడి గీసి ఉంటే కొట్టేయమంటాను. క్రీస్తుదాసు చెయ్యి పట్టుకున్నాను, నా గుగ్గిలం అతనికీ అంటుకుంది, అతను విదిలించుకోలేదు.

'గురవమ్మా' అన్నాను, 'సాయంత్రం అవి అరవడం మొదలుపెట్టంగానే నన్నొకసారి తట్టి చెప్పు.'

'మొదలుపెట్టేటప్పుడు తడితే చాలునా' అంది, 'ఆపేటప్పుడు కూడా తట్టాల్నా?'